కషాయం మనిషికా, చేనుకా?



మాస్టారి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ఆయన పిల్లలు విషయం ఎంచుకునే పని నాకే వదిలేశారు. జీవితమంతా జంతుశాస్త్రం చెప్పిన మనిషి పేరు మీద మాట్లాడుతున్నప్పుడు ప్రయోగశాలలోని ఎలుకా, పత్తి చేలోని రైతూ ఒకే కథలోకి వచ్చే విషయం అయితే బాగుంటుందనిపించింది. పురుగుమందులు మగవారి సంతాన శక్తిని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను కొన్ని మొక్కల సారాలు కాచుకోగలవని మన విశ్వవిద్యాలయాల్లోనూ, బయటా ఎన్నో పరిశోధనలు వచ్చాయి. వాటిలో ఎంత నమ్మాలి, నమ్మినదాన్ని ఎక్కడ వాడాలి అన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది. నలుగురిలో చెప్పుకునే సంగతి కాదని కొందరికి అనిపించవచ్చు. చెప్పుకోకపోవడం వల్ల జరిగిన నష్టం చాలా పెద్దది కాబట్టి చెప్పుకుందాం.

మనం కూర్చున్న ఈ హైదరాబాద్ సుల్తాన్ బజార్ ఈ మాటకు తగిన చోటే. ఇక్కడి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి నగరం నుంచీ, చుట్టుపక్కల జిల్లాల నుంచీ ఆడవాళ్లు వస్తూనే ఉంటారు. కాన్పు కోసం వచ్చేవాళ్ల మధ్య, కడుపు పండలేదన్న దిగులుతో వచ్చేవాళ్లూ ఉంటారు. వారి వెంట అత్తగారో అమ్మో ఉంటుంది. భర్త చాలాసార్లు ఉండడు. ఇదే పేటలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న దాన్ని స్థాపించినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారు, మరో అయిదేళ్లకు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్ర విషయాలు తెలుగులో చదువుకోవచ్చని చూపించారు. వృషణం గురించీ, వీర్యకణం గురించీ తెలుగులో మాట్లాడటానికి ఇంతకంటే మంచి పొరుగు ఎక్కడ దొరుకుతుంది?

పెళ్లయి రెండు మూడేళ్లయినా పిల్లలు కలగకపోతే మన ఇళ్లలో పరీక్షలు మొదట కోడలికే. రక్త పరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల పరీక్ష, ఉపవాసాలు, మొక్కులు అన్నీ ఆమెకే. వైద్యుల లెక్క ప్రకారం సంతానం కలగని జంటల్లో దాదాపు సగంమంది విషయంలో మగవారి వైపు లోపం ఒక్కటే గానీ, ఆడవారి లోపంతో కలిసి గానీ ఉంటుంది. ఆ లోపాన్ని కనిపెట్టడానికి అవసరమైన వీర్య పరీక్ష అన్నిటికంటే తేలికైనది, చవకైనది, నొప్పి లేనిది. అయినా దాన్ని ఆఖరికి నెట్టేస్తాం. పిల్లలు పుట్టకపోవడానికి భర్త రోజూ భుజాన మోసే పురుగుమందు పంపు కారణం కావచ్చన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

ఈ ఊహ మొదట వచ్చినవాళ్లలో మన హైదరాబాద్ శాస్త్రజ్ఞులున్నారు. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థలో డి.ఎస్. రూపా, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి కలిసి పత్తి చేలలో మందు కొట్టే మగవారి కుటుంబాలను పరిశీలించారు. భర్త నేరుగా పురుగుమందులకు గురైన 1,016 జంటలను, అలా గురికాని 1,020 జంటలతో పోల్చి చూశారు. ఆ పరిశోధన 1991లో ‘ఎన్విరాన్‌మెంటల్ రిసెర్చ్’ పత్రికలో అచ్చయింది. మందు కొట్టినవారిలో సంతానవంతులైన మగవారు తక్కువగా ఉన్నారు. వారి భార్యలకు గర్భస్రావాలు, మృతశిశు జననాలు ఎక్కువగా జరిగాయి. పుట్టిన పిల్లల్లో తొలి రోజుల మరణాలూ, పుట్టుకతో వచ్చే లోపాలూ ఎక్కువే. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. మందు తాకింది తండ్రిని. నష్టం కనిపించింది తల్లి కడుపులో. నింద పడింది ఆ తల్లి మీద.

ఈ పరిశోధన గురించి మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? పత్తి పండించే ఊళ్లకు ఇది చేరనే లేదు. పత్తి విస్తీర్ణం మాత్రం ఈ ముప్పై ఏళ్లలో ఎంతో పెరిగింది. ఇంత పెద్ద సంఖ్యలో జంటలను కలిసి, ఇంత సూటి ప్రశ్న అడిగిన మన పరిశోధకులకు తెలుగు సమాజం ఇంకా బాకీ ఉందని నా అభిప్రాయం.

మందు లోపల ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు పురుగు నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టివేస్తాయి. మన నరాల్లోనూ అదే ఎంజైము ఉంది. అందుకే మందు కొట్టిన సాయంత్రం కళ్లు మసకబారతాయి, నోట్లో నీళ్లూరతాయి, కడుపులో తిప్పుతుంది. 2005లో మాన్చినీ బృందం ఆంధ్రప్రదేశ్ పత్తి రైతుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం విషప్రభావ లక్షణాలతో ముడిపడినవే, స్వల్పం నుంచి తీవ్రం దాకా. ప్రమాదకర స్థాయికి చేరినవారు కూడా ఆసుపత్రికి వెళ్లలేదు. మజ్జిగ తాగి, తలస్నానం చేసి, పడుకుని లేస్తే తగ్గిపోయిందనుకుంటారు. నరాలకు సంబంధించినంత వరకు చాలాసార్లు నిజంగానే తగ్గిపోతుంది. వృషణాల్లో జరిగేది అలా పైకి తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

వీర్యకణం తయారవడానికి మనిషిలో సుమారు 74 రోజులు పడుతుంది. తర్వాత అది ఎపిడిడిమిస్ అనే సన్నని నాళంలో మరికొన్ని రోజులు ప్రయాణించి చలనశక్తి తెచ్చుకుంటుంది. మొత్తం మూడు నెలలనుకోండి. ఆగస్టులో పడిన దెబ్బ అక్టోబరు చివర్లోనో నవంబరులోనో బయటపడుతుంది. ఈలోగా రైతు ఇంకా ఎన్నోసార్లు మందు కొట్టి ఉంటాడు. దెబ్బ ఒక చోట మాత్రమే పడదు. లైడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ తయారుచేయడం తగ్గిస్తాయి. పెరిగే వీర్యకణాలకు పోషణ ఇచ్చే సెర్టోలి కణాలు దెబ్బతింటాయి. వీటితోపాటు ఆక్సీకరణ ఒత్తిడి ఉంది. వీర్యకణం పైపొరలో తేలిగ్గా ఆక్సీకరణం చెందే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. బరువు తగ్గించుకుని వేగంగా ఈదాలి కాబట్టి తనలోని ద్రవపదార్థాన్ని దాదాపు అంతా వదిలేసుకుంటుంది. దాంతో తనను కాపాడుకునే ఎంజైములూ పోతాయి. విషం వల్ల పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు ఆ పైపొరను, తోకను, లోపలి డీఎన్ఏను కూడా దెబ్బతీస్తాయి. మొక్కల సారాల కథ అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అక్కడికి వెళ్లేముందు మందు ఏ దారిన ఒంట్లోకి వస్తుందో చెప్పకపోతే ఈ ఉపన్యాసం వృథా. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. ఆర్గానోఫాస్ఫేట్లకు ప్రధాన దారి చర్మం. 1971లో మైబాక్, ఆయన సహచరులు పారాథియాన్‌ను మనుషుల చర్మంపై వేర్వేరు చోట్ల రాసి, ఎంత లోపలికి పోతుందో కొలిచారు. ముంజేయి మీద రాసినదాంట్లో 8.6 శాతం లోపలికి వెళ్లింది. నుదుటి మీద 36 శాతం. వృషణాల తిత్తి మీద రాసినది మాత్రం దాదాపు మొత్తం లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు మన పత్తి చేను గుర్తు తెచ్చుకోండి. అక్టోబరులో మొక్క నడుము దాకా ఉంటుంది. రైతు తను కొట్టిన మందులోకే నడుస్తూ పోతాడు. లుంగీ, నిక్కరు ముందుభాగం తడిసి ముద్దవుతుంది. వీపున పంపు మూత సరిగా పట్టకపోతే మందు నడుము మీదుగా కిందికి కారుతుంది. ఒంట్లో ఏ భాగాన్ని అన్నిటికంటే ముందు కాపాడుకోవాలో సరిగ్గా ఆ భాగమే అన్నిటికంటే ఎక్కువగా తడుస్తోంది. నడుము నుంచి మోకాళ్ల దాకా కట్టుకునే ఒక ప్లాస్టిక్ పట్టా, కారని పంపు, గాలివాటం చూసి వెనక్కి నడుస్తూ కొట్టడం, పని అవగానే సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. ఖరీదైన సలహాలేమీ కావివి. వీటిని చెప్పడానికి డాక్టరేట్ కూడా అక్కర్లేదు. ఏ మూలికల సారమూ ఆ పట్టా చేసినంత పని చేయలేదు.

ఇక ఎలుకల దగ్గరికి వద్దాం. గత పాతికేళ్లలో మనదేశంలోనూ, ఈజిప్టు, టర్కీ, నైజీరియా, ఇరాన్ దేశాల్లోనూ ఒకే తీరు ప్రయోగాలు వందల్లో జరిగాయి. మగ ఎలుకలను నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒకదానికి పురుగుమందు, ఒకదానికి మొక్క సారం, ఒకదానికి రెండూ కలిపి ఇస్తారు. కొన్ని వారాల తర్వాత వీర్యకణాల సంఖ్య, చలనం, ఆకారం, టెస్టోస్టిరాన్, యాంటీఆక్సిడెంట్ ఎంజైములు చూస్తారు. మందు ఒక్కటే తాగిన గుంపులో అన్నీ పడిపోతాయి. రెండూ ఇచ్చిన గుంపులో పూర్తిగా కాకపోయినా కొంత నిలబడతాయి. పసుపులోని కుర్కుమిన్, టమాటాలోని లైకోపీన్, మునగాకు, ఉసిరి, అశ్వగంధ, అల్లం, నల్లజీలకర్ర ఇలా చాలావాటికి ఇలాంటి ఫలితాలు వచ్చాయి. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి. శ్రీనివాసులు రెడ్డిగారి బృందం మగ ఎలుకల సంతాన శక్తిపై విషపదార్థాల ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశోధించింది. సీసం తాగించిన ఎలుకల్లో సరస్వతి ఆకు సారం నష్టాన్ని తగ్గించిందని సాయినాథ్, ఆ బృందంలోని సహచరులు 2011లో ప్రచురించారు. సీసం పురుగుమందు కాదు. కానీ దెబ్బ పడే తీరులో పోలిక ఉంది, కాపాడే తీరులోనూ పోలిక ఉంది.

ఇవి నిజాయితీగా చేసిన పనులు. వీటిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. పెద్దగా డబ్బులేని ప్రయోగశాలల్లో, పాత సూక్ష్మదర్శినుల ముందు కూర్చుని ఒక్కొక్క కణాన్ని లెక్కపెట్టిన విద్యార్థుల కష్టం నాకు తెలుసు. వాళ్లు ఒక ముఖ్యమైన సంగతి రుజువు చేశారు. ఆక్సీకరణ ఒత్తిడి నష్టానికి ఒక కారణమని, దాన్ని తగ్గిస్తే నష్టం కొంత తగ్గుతుందని. కానీ ఆ ఫలితాన్ని ఎలుక బోను నుంచి నేరుగా రైతు ఇంటికి తీసుకుపోలేం. ఎందుకో చెబుతాను.

మొదటి కారణం, ఎలుకకు మందూ, సారమూ రెండూ గొట్టంతో కడుపులోకే ఎక్కిస్తారు. రెండూ ఒకే పేగులో కలిసినప్పుడు సారం మందును పీల్చుకోనివ్వకుండా అడ్డుపడి ఉండవచ్చు. కాలేయం దాన్ని త్వరగా విరగ్గొట్టేలా చేసి ఉండవచ్చు. మన రైతుకు మందు చర్మం గుండా వస్తుంది. రెండో కారణం, ఎలుక అవసరానికి మించి ఎన్నో రెట్లు వీర్యకణాలు తయారుచేస్తుంది. సంఖ్య చాలా పడిపోయినా పిల్లలు పుడతాయి. మనిషికి అంత నిల్వ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. ఆ దగ్గర్లో ఉన్న మనిషికి కొంచెం తగ్గినా గర్భం నిలిచే అవకాశం తగ్గుతుంది. ఇక మోతాదు. కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల సారం ఎలుకకు ఇచ్చారనుకోండి. శరీర ఉపరితలం లెక్క ప్రకారం దాన్ని 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు 32 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకు దాదాపు 2 గ్రాముల గాఢ సారం. అది మిథనాల్‌లోనో, ఇథనాల్‌లోనో తీసి ఆరబెట్టిన సారం. ఇంట్లో కాచుకునే కషాయం కాదు. దానికి ఎంత ఆకు కావాలో, ఏ నేలలో పెరిగిన ఆకో, ఏ నెలలో కోసిందో, వీటన్నిటినిబట్టి బలం మారిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎలుకకు ఒక్క మందు ఇస్తారు. రైతు ఒక సీజన్లో అరడజను మందులు కొడతాడు, ఒక్కోసారి రెండు మూడు ఒకే పంపులో కలిపి.

జంతువు మీద చేసిన ప్రయోగాన్ని మనిషికి అన్వయించడంలో ఈ పేటకు ఒక పెద్ద జ్ఞాపకం ఉంది. పక్కనే ఉన్న కోఠీ రెసిడెన్సీలో సర్జన్‌గా ఉండి, హైదరాబాద్ వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ, మత్తుమందుగా ఇచ్చే క్లోరోఫారం వల్ల గుండె ఆగదని, ఊపిరి ఆగడం వల్లే రోగి చనిపోతాడని గట్టిగా నమ్మేవాడు. దాన్ని తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో రెండోది, క్లోరోఫారం కమిషన్లు హైదరాబాద్‌లో పనిచేశాయి. రెండోదానికి ‘లాన్సెట్’ పత్రిక తన ప్రతినిధిని పంపడానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చాడు. ఆ ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. లారీ మాటే నిజమని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద మరో పద్ధతిలో ప్రయోగం చేసి, క్లోరోఫారం తక్కువ మత్తులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపించాడు. హైదరాబాద్ కమిషన్ పని నిర్లక్ష్యంగా చేయలేదు. అడిగిన ప్రశ్నకు జంతువు చెప్పిన జవాబును అడగని ప్రశ్నకు కూడా జవాబుగా తీసుకుంది.

దీనికి ఎదురు కథ అమెరికాలో జరిగింది. డీబీసీపీ అనేది నేలలోని నులిపురుగులను చంపే మందు. 1961లోనే దాన్ని పీల్చిన ఎలుకల వృషణాలు కుంచించుకుపోయాయని పరిశోధన అచ్చయింది. అది తయారయ్యే కాలిఫోర్నియాలోని లాత్రప్ ఫ్యాక్టరీలో పనివాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తమలో చాలామందికి ఏళ్ల తరబడి పిల్లలు పుట్టడం లేదని వాళ్లంతట వాళ్లే గమనించారు. 1977లో వార్టన్ బృందం పరీక్షిస్తే కొందరిలో వీర్యకణాలే లేవు, కొందరిలో బాగా తక్కువ. 1979లో అమెరికా దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపింది. పని మానేసిన కొందరికి కణాలు తిరిగి వచ్చాయి. ఎక్కువ కాలం పనిచేసి, పూర్తిగా కోల్పోయిన మరికొందరికి తిరిగి రాలేదు. అక్కడ పదహారేళ్ల ముందే ఎలుక నిజం చెప్పింది, మనిషి వినలేదు. ఎలుక చెప్పింది వినకపోవడం ఎంత తప్పో, చెప్పనిది కూడా చెప్పిందనుకోవడం అంతే తప్పు. హాని గురించి ఎలుక హెచ్చరిస్తే వెంటనే వినాలి. రక్షణ ఉందని అంటే మాత్రం మనిషి దగ్గర మళ్లీ రుజువు అడగాలి. ఈ రెండింటికీ ఒకే కొలత పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మనుషుల దగ్గర రుజువు ఏముంది? లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయంలో దూలగొండి గింజల పొడి రోజుకు 5 గ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చి, 75 మంది సంతానలేమి ఉన్న మగవారిలో వీర్యకణాలు మెరుగుపడ్డాయని 2009లో ప్రచురించారు. మరుసటి ఏడాది అశ్వగంధ మీదా ఇలాంటి ఫలితమే వచ్చింది. చరకసంహిత చికిత్సాస్థానంలో రెండో అధ్యాయం వాజీకరణం గురించే కాబట్టి ఈ మొక్కల పేర్లు మనకు కొత్త కావు. అయితే ఆ మగవారు పురుగుమందు బాధితులని ఎంచుకున్నవారు కారు. మరోవైపు విటమిన్లు, యాంటీఆక్సిడెంట్లు కలిపిన మాత్రలను అమెరికాలో 171 జంటల మీద, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చి చూసిన ప్రయోగం 2020లో వెలువడింది. వీర్యంలోనూ మార్పు లేదు, గర్భాల్లోనూ తేడా లేదు. ఒక విషయం కూడా మరిచిపోకూడదు. అండాన్ని చేరడానికి వీర్యకణం సిద్ధపడేటప్పుడు దానికి కొంచెం ఆక్సీకరణం కావాలి. దాన్ని పూర్తిగా అణిచేయడం కూడా మంచిది కాదు. ఇంకొందరికి కారణం వై క్రోమోజోములోనే ఉంటుంది. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వీర్యకణాలు లేని 340 మందిలో 29 మందికి ఆ క్రోమోజోములో కొంత భాగమే లేదు. ఏ వేరు నూరిపోసినా అది తిరిగి రాదు.

చెట్టు మందు కాబట్టి హాని లేదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఈ కథలో దానికి సరైన జవాబు పత్తి మొక్కే చెబుతుంది. పత్తి గింజల్లో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంది. చైనాలో శుద్ధి చేయని పత్తిగింజల నూనెతో వండుకున్న ఊళ్లలో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. కారణం వెతికితే గాసిపాల్ తేలింది. 1970లలో దాన్ని మగవారి గర్భనిరోధక మాత్రగా ఎనిమిది వేలమందికి పైగా ఇచ్చి చూశారు. పని చేసింది. కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి సంతాన శక్తి తిరిగి రాలేదు. దాంతో వదిలేశారు. మనం ఇంటింటా కొలిచే వేప సంగతీ అంతే. వేపాకు సారం, వేపనూనె ఎలుకల్లో వీర్యాన్ని తగ్గించాయని పరిశోధనలున్నాయి. ఢిల్లీలో జి.పి. తల్వార్‌గారి బృందం వేపను గర్భనిరోధానికే పరీక్షించింది. వీటికి తోడు కల్తీ ఉంది. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో అయిదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో కనిపించింది. సీసం వీర్యానికి విషం. బలానికని కొన్న డబ్బా అదే విషాన్ని లోపలికి పంపితే ఆ రైతు ఎవరిని అడగాలి? కోఠీ, బేగంబజార్ దుకాణాల్లో మూలికలు కొనే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదే. ముందు వీర్య పరీక్ష చేయించుకోండి, డాక్టర్‌కు చూపించండి. ఆ తర్వాత కూడా ఏం వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి.

మొక్కల సారం మగవాడిని కాపాడగల చోటు ఒకటి నిస్సందేహంగా ఉంది. అది అతని కడుపు కాదు, అతని పంపు. పాత ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం పత్తికి పురుగుమందులు కొట్టీ కొట్టీ అప్పుల్లో మునిగింది. ఆ ఊరివాళ్లు స్వచ్ఛంద సంస్థల సాయంతో వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు మొదలుపెట్టారు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లోనే ఊరు ఊరంతా రసాయన పురుగుమందులు మానేసింది. మందుల వ్యాపారులను ఊళ్లోకి రావద్దంది. జనగామ ప్రాంతంలోని ఏనబావి మరో అడుగు వేసి ఎరువులు కూడా మానేసింది. అప్పటి ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఎన్నో జిల్లాలకు విస్తరించింది. అయిదు కిలోల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, వంద లీటర్లు చేసి, కొంచెం సబ్బు పొడి కలిపితే అయిదు శాతం కషాయం. ఎండకు దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. పురుగు వెంటనే రాలిపడదు. ఆకు తినడం మానేస్తుంది, ఎదగదు, గుడ్లు తగ్గుతాయి. పొద్దున మందు కొట్టి సాయంత్రానికి చచ్చిన పురుగులను చూడటానికి అలవాటుపడిన కంటికి ఇది ఓపిక నేర్పాలి. గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక కషాయం దాన్ని పట్టుకోలేదన్నదీ నిజం. అయినా ప్రతి కషాయపు పంపూ ఒక మోనోక్రోటోఫాస్ పంపును తప్పించిందన్న లెక్క చాలు నాకు. ఆ లెక్కకు ఎలుకల రుజువు అక్కర్లేదు.

ప్రభుత్వాలు, కోర్టులు కొంత చేశాయి. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది. అంతకు ముందే కేరళలోని కాసరగోడ్ పిల్లల మీద అహ్మదాబాద్ వృత్తి ఆరోగ్య సంస్థ చేసిన పరిశోధన 2003లో వచ్చింది. ఆ మందు చల్లిన చోట పెరిగిన 117 మంది మగపిల్లలను మరోచోటి 90 మందితో పోల్చి, వారిలో యవ్వన లక్షణాలు ఆలస్యమయ్యాయని చూపింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని 2023లో నిషేధించారు. కూరగాయల మీద దాన్ని వాడొద్దని 2005లోనే అన్నవాళ్లు పత్తి మీద వాడేవాడి గురించి ఆలోచించడానికి పద్దెనిమిదేళ్లు తీసుకున్నారు. తినేవాడి నోటి గురించి ముందు ఆలోచించి, కొట్టేవాడి ఒంటి గురించి ఆఖర్న ఆలోచించడం నాకు బాధ కలిగించే విషయం.

ఈ సభలో ఉన్న యువ పరిశోధకులను ఒకటి అడుగుతున్నాను. మరో మొక్క, మరో మందు, మరో నాలుగు గుంపుల ఎలుకలు, ఇక ఇవి కొంతకాలం ఆపండి. 1991లో బేగంపేట శాస్త్రజ్ఞులు పెట్టిన ప్రశ్నను తిరిగి పత్తి చేలకు తీసుకెళ్లండి. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, కర్నూలు ప్రాంతాల్లో మందు కొట్టే యువకుల వీర్యాన్ని సీజన్‌కు ముందు ఒకసారి, సీజన్ అయ్యాక మూడు నెలలకు మరోసారి, వారి అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా పరీక్షించండి. కషాయానికి మారిన ఊళ్లనూ, మారని ఊళ్లనూ పోల్చండి. మొక్కల సారాన్ని మనుషుల మీద పరీక్షించాలనుకుంటే సరైన అనుమతులతో, ఉత్తుత్తి మాత్రల గుంపును పెట్టి, ఆకు బలం కొలిచి మరీ చేయండి. ఫలితం రాకపోయినా అచ్చు వేయండి.

వైద్యాధికారులను అడుగుతున్నది ఇంకా చిన్న కోరిక. పిల్లల కోసం వచ్చిన ప్రతి జంటలో భర్తకు మొదటి రోజే వీర్య పరీక్ష రాయండి. అతని వృత్తి ఏమిటి, మందు కొడతాడా, ఏ మందు, ఆఖరిసారి ఎప్పుడు అని చీటీ మీద రాసుకోండి. ఆ నాలుగు మాటలు ఏ జిల్లా ఆసుపత్రి రికార్డులోనైనా అయిదేళ్లపాటు పడితే, మన దగ్గర ఈ సమస్య ఎంత పెద్దదో తొలిసారి తెలుస్తుంది.

ఇక రైతు సోదరులారా, ఈసారి పంపు భుజానికెత్తుకునే ముందు నడుముకు ఒక పట్టా కట్టుకోండి. వీలైతే ఆ పంపులో వేపగింజల కషాయం పోయండి. ఇంట్లో పిల్లలు లేరన్న బాధ ఉంటే ఆసుపత్రికి మీ ఆవిడను ఒంటరిగా పంపకండి. మీరూ వెళ్లి, మీ పరీక్ష ముందు చేయించుకోండి.